లింబాయత్ డాక్టరమ్మ

సూరత్ లింబాయత్‌లో తెలుగువాళ్లుండే సందుల్లోకి వెళ్లి చాముండేశ్వరి ఇల్లెక్కడ అని అడిగితే, ఏ చాముండేశ్వరి అని ఎదురడుగుతారు. డాక్టరమ్మ అంటే చూపిస్తారు. చూపించేటప్పుడు కొందరి మొహం మామూలుగా ఉంటుంది, కొందరి మొహం ముడుచుకుంటుంది. ఆమె వైద్యురాలు కాదు. హీబ్రూ భాషలో ఉన్న పాత ప్రార్థనల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్న మనిషి. ఆ తేడా ఆ సందులకు తెలియడానికి ఒక ప్రాణం పోవలసి వచ్చింది.

తండ్రి ముత్యం సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి సాంచాలు నడపడానికి సూరత్ వచ్చాడు. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ వాటి మధ్య నిలబడి నిలబడి, చివరికి దగ్గుతో మంచం పట్టి, కూతురు బడిలో ఉండగానే పోయాడు. తల్లి వెంకటవ్వ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లంటించే పని చేసి పిల్లను పెంచింది. చాముండేశ్వరికి ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఈసారి దక్కితే నీ పేరే పెట్టుకుంటానని అమ్మవారికి మొక్కుకుంది. దక్కింది, పెట్టుకుంది.

ఆ పిల్లను క్రీస్తు దగ్గరికి తీసుకువెళ్లింది భుజంగరావు, కుమారి అనే దంపతులు. గోదావరి జిల్లావాళ్లు. ఆయన పక్కనే ఉన్న ఉధ్నా స్టేషన్లో రైల్వే ఉద్యోగి. ఉద్యోగం చేస్తూనే లింబాయత్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని ఆదివారాలు తెలుగులో ఆరాధన నడిపేవాడు. కుమారి సాయంత్రాలు తమ క్వార్టర్లో ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. చాముండేశ్వరి మొదట ఇంగ్లీషు కోసమే వెళ్లింది. తర్వాత పాటల కోసం ఆగింది. నాన్న ఎందుకు పోయాడని ఇంటి దగ్గర అడిగితే వెంకటవ్వ ఏడ్చేది, మేనమామలు కసిరేవాళ్లు. కుమారి మాత్రం స్టవ్ ఆపి వచ్చి పక్కన కూర్చునేది. కాలేజీలో చేరిన ఏడాది ఆ పిల్ల బాప్తిస్మం అడిగింది.

వెంకటవ్వ కొన్నాళ్లు కూతురితో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు ఒక్కటే అంది. "నీ దేవుడు నీకు, నా తల్లి నాకు. నీ పేరు మాత్రం జర ముట్టుకోనియ్యకు బిడ్డా."

పేరు దగ్గరే పేచీ వచ్చింది. అమ్మవారి పేరుతో ప్రభువు దగ్గరికి ఎలా వస్తావమ్మా, ఎస్తేరు అని పెడతాను, చక్కగా ఉంటుంది అన్నాడు భుజంగరావు.

"మా అమ్మ మొక్కుకొని పెట్టిన పేరు అయ్యగారూ. మీ పేర్ల పామున్నది. మీరు మార్చుకున్నరా?" అంది చాముండేశ్వరి.

భుజంగరావు పెద్దగా నవ్వాడు. ఆ పేరుతోనే ఆమెకు బాప్తిస్మం ఇచ్చాడు. సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు సణిగినా పట్టించుకోలేదు. ఆయన మంచి రోజులు అవి. చాలా ఏళ్ల తర్వాత, గ్రీకు దేవతల పేర్లున్నవాళ్లు తొలినాటి క్రైస్తవ సంఘాల్లో పెద్దలుగా పనిచేశారని చదువుకున్నప్పుడు, ఆ సంగతి చెప్పడానికి ఆమె ఆయనకే మొదట ఫోన్ చేసింది.

కుమారి వెంట ఆమె సువార్త పనికి తిరిగేది. సందుల్లో ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చేతిలో చీర రెండో కొంగు పట్టుకుని తానూ రాళ్లంటిస్తూ మాట్లాడేది. దేవుడి మాట ముందు ఎత్తేది కాదు. వాళ్ల పిల్లల సంగతి, నీళ్ల సంగతి, మొగుడి తాగుడు సంగతి అయ్యాక, వాళ్లే అడిగితే చెప్పేది. అలా హాలుకు వచ్చిన ఆడవాళ్లు భుజంగరావు ప్రసంగాలకు వచ్చినవాళ్లకంటే ఎక్కువయ్యారు. ఆయనకు అసూయ కలగలేదు. పైగా, మనలో చదువుకున్నవాళ్లు లేరు, ఎవడైనా నాలుగు ప్రశ్నలు వేస్తే నోరెళ్లబెడుతున్నాం, నువ్వు వెళ్లి దైవశాస్త్రం చదివి రా అని, తానే తిరిగి సిఫారసు సంపాదించి ఆమెను దక్షిణాదిలోని ఒక దైవశాస్త్ర కళాశాలకు పంపాడు.

అక్కడ ఆమె హీబ్రూ నేర్చుకుంది. ఆ భాషలో బైబిలులోని పాత ప్రార్థనలు చదువుతుంటే ఒక విషయం ఆమెను పట్టుకుంది. వాటిలో చాలా భాగం స్తుతులు కావు, ఫిర్యాదులు. ఎందుకు వదిలేశావు, ఎక్కడ దాక్కున్నావు, ఇంకెన్నాళ్లు అని దేవుణ్ని నిలదీసేవి. కొన్నింటికి చివరిదాకా ఊరట లేదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతాయి. సూరత్ హాల్లో అవి ఎప్పుడూ చదవలేదు, పాడలేదు. తండ్రి మంచం పక్కన తాను లోలోపల అన్న మాటలు వేల ఏళ్ల కిందట ఎవరో రాసి, పవిత్రమని దాచిపెట్టారని తెలిసి ఆ పిల్ల గ్రంథాలయంలో తల వంచుకుని ఏడ్చింది. జవాబు రాని ప్రార్థనల మీదే పరిశోధన చేసింది. దానికి మార్గదర్శి ఆ కళాశాల ప్రిన్సిపాల్ డాక్టర్ రామమోహన్.

ప్రతి సెలవుకూ సూరత్ వచ్చేది. బిడ్డను పోగొట్టుకున్న ఆడవాళ్లతో, సంతోషించు, అంతా మంచికే అని సంఘం చెప్పి పంపిన ఆడవాళ్లతో, దేవుణ్ని తిట్టడం కూడా ప్రార్థనే, తిట్టు అనేది. వాళ్లు బిత్తరపోయేవాళ్లు. తర్వాత నెమ్మదిగా తిట్టేవాళ్లు. ఆమె పక్కన కూర్చుని వినేది. సందుల్లో విన్నది పరిశోధనలోకి వెళ్లింది. పరిశోధనలో తేలింది సందుల్లోకి వచ్చింది. రెండూ ఒకే పని అని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరని తెలియడానికి కొంత కాలం పట్టింది.

పట్టా చేతికొచ్చాక రామమోహన్ ఉద్యోగం ఇస్తానన్నారు. సువార్త చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారమ్మా, హీబ్రూ చెప్పేవాళ్లు దేశంలో ఎందరున్నారు అన్నారు. ఆమె వినలేదు. సూరత్ తిరిగి వచ్చి, అమ్రోలిలో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. పెళ్లి మాటలు ఒకటి రెండు వచ్చి, ఇంత చదువుకున్న పిల్ల మాట వింటుందా అని వెనక్కి పోయాయి. వెంకటవ్వ అప్పటికి చనిపోయింది. మతం మారిందని కులంవాళ్లు కూతురిని పాడె దగ్గరికి రానివ్వలేదు.

ఆమె చదువుకుంటున్న ఏళ్లలో సంఘం మారిపోయింది. భుజంగరావు రిటైరై, నది అవతల అడాజన్‌లో కొడుకు ఫణికుమార్ ఫ్లాట్‌కు చేరాడు. ఫణికుమార్ సూరత్‌లోనే పుట్టి పెరిగాడు. చీరల దుకాణాలకు కంప్యూటర్ బిల్లింగ్ పెట్టించే వ్యాపారం. చురుకైనవాడు, తీయగా మాట్లాడతాడు. తండ్రి హాలును అతనే నడుపుతున్నాడు. కీబోర్డు, డ్రమ్ములు, పెద్ద స్పీకర్లు వచ్చాయి. నెలకొకసారి ఊరి బయట కామ్‌రేజ్ దగ్గర, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మైదానంలో స్వస్థత కూటం పెట్టేవాడు. రోగులు వస్తారు, ప్రార్థన చేస్తారు, నయమైందని మైకులో చెప్పిస్తారు.

ఆదివారం ప్రసంగం ఆడవాళ్లు చేయకూడదని కొత్తగా నియమం పెట్టారు. ఇంత చదివి వచ్చిన మనిషికి తన అనుభవం సాక్ష్యంగా చెప్పుకునే ఐదు నిమిషాలే మిగిలాయి. అయితే కామ్‌రేజ్ కూటంలో మొదటి అరగంట బైబిలు వాక్యం చెప్పమని ఫణికుమారే అడిగాడు. ఆమె ఒప్పుకుంది. అంతమంది మగ్గం మనుషులు ఒక్కచోట కూర్చుని వినే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది అనుకుంది. తన తర్వాత జరిగేదంతా తనకు నచ్చకపోయినా, తన అరగంటలో తాను నిజం చెబితే చాలుననుకుంది.

పోస్టర్లు పడ్డాయి. వాటి మీద ఆమె ఫోటో, కింద పెద్ద అక్షరాలతో డాక్టర్ సి. ఈశ్వరి అని ఉంది. ఆమె మండిపడింది. చాముండ ఏమైంది, మా అమ్మ పెట్టిన పేరు సగం కోసే హక్కు నీకెవరిచ్చారు అని ఫణికుమార్‌తో పోట్లాడింది. చోటు చాలలేదక్కా, వచ్చేసారి చూద్దాం అన్నాడు. ఆమె దృష్టంతా పేరు మీదే ఉంది. దాని ముందున్న మాటను లింబాయత్‌లో జనం ఎలా చదువుకుంటారో తోచలేదు.

శ్రీవల్లి ఆ సందుల్లో పిల్లే. భర్త శివకృష్ణ సాంచాల మీద పని చేస్తాడు. ఆమెకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. రోజూ మాత్రలు వేసుకుంటే మామూలుగా ఉండేది. పెళ్లయి నాలుగైదేళ్లయినా పిల్లల్లేరు. మాత్రల వల్లే కడుపు పండటం లేదని ఎవరో అన్నారు. కామ్‌రేజ్ కూటానికి మొగుడూ పెళ్లాలు ఇద్దరూ వచ్చారు. ఆడరోగుల తల మీద చేతులుంచి ప్రార్థించమని ఫణికుమార్ చాముండేశ్వరిని వేదిక దిగువకు పిలిచాడు. ఆమె దిగింది. శ్రీవల్లి తల మీద చేయి ఉంచి, ఈ పిల్లకు ధైర్యం ఇవ్వు, ఈమెను ఒంటరిని చేయకు అని మెల్లగా ప్రార్థించింది. అంతే. నయమవుతుందని అనలేదు.

పైన మైకులో ఫణికుమార్ గొంతు వినిపించింది. మన డాక్టరమ్మ స్వయంగా చేతులుంచారు, ప్రభువు ముట్టాడు, రోగం వెళ్లిపోయింది అని. జనం హల్లెలూయ అన్నారు. చాముండేశ్వరి తల ఎత్తి వేదిక వైపు చూసింది. వెళ్లి మైకు లాక్కోవాలనిపించింది. కూటం పాడవుతుందని, తర్వాత మాట్లాడదామని ఊరుకుంది. తర్వాత మాట్లాడింది కూడా. అలా అనకు ఫణీ అంది. సరే అక్కా అన్నాడు.

శ్రీవల్లి మాత్రలు మానేసింది. కొన్నాళ్లు ఏమీ కాలేదు. అందరూ సంతోషించారు. ఒక మధ్యాహ్నం నీళ్లు పోయే మోరీ దగ్గర బట్టలు ఉతుకుతూ పడిపోయింది. ఒక ఫిట్ ఆగకముందే ఇంకోటి వచ్చింది. పక్కింటివాళ్లు శివకృష్ణకు కబురు పెట్టి, ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి లేదు.

చాముండేశ్వరి స్కూలు నుంచి నేరుగా ఆ ఇంటికి వెళ్లింది. శివకృష్ణ గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. నువ్వు డాక్టర్‌వు గాదా?"

"గాదు శివా. నాది మందుల చదువు గాదు. దేవుని చదువు."

"మరి గంత పెద్దగ ఎందుకు రాయించుకున్నవ్? డాక్టరే చెయ్యి పెట్టింది, ఇంక గోలీలెందుకని బంద్ చేసింది. నేను గూడ సరే అన్న. పెద్ద డాక్టర్‌వనే గద అనుకున్న."

లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆమె వెళ్లి వాళ్ల మధ్య కూర్చోబోతే శివకృష్ణ అడ్డంగా చేయి పెట్టాడు. గట్టిగా ఏమీ అనలేదు. పో అక్కా, ఇయ్యాల నీ మొఖం జూడలేను అన్నాడు. ఆ తర్వాత ఏ రోజూ చూడలేదు. సందులో ఎదురైతే తల తిప్పుకుని వెళ్లిపోతాడు.

ఆమె అడాజన్ వెళ్లి ఫణికుమార్‌ను పట్టుకుంది. మందులు మానవద్దని ఈ ఆదివారమే సంఘంలో చెప్పు, నేను వైద్యురాలిని కాదని నువ్వే చెప్పు అంది. అతను శాంతంగా విన్నాడు.

"చూడండక్కా, ఇవన్నీ మైకులో చెప్తే జనం విశ్వాసం ఖరాబ్ అవుతుంది. ఆమె టైం వచ్చింది, ప్రభువు పిలుచుకున్నాడు. మీరు ఎక్కువ చదివి ఎక్కువ ఆలోచిస్తున్నారు, బస్."

భుజంగరావు అదే గదిలో కుర్చీలో ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేచి ముందుకు వెళ్లి మైకు తీసుకుంది. నేను వైద్యురాలిని కాను, మీరనుకుంటున్నట్టు శ్రీవల్లి విశ్వాసం లేక చనిపోలేదు, మాత్రలు మానేసి చనిపోయింది, మనం మాన్పించాం, ఎవరూ మందులు ఆపకండి అని చెప్పింది. రెండో మాట దగ్గరే మైకు ఆగిపోయింది. ఆమె గొంతు పెంచి చెప్పింది. ఫణికుమార్ సైగ చేస్తే కీబోర్డు మొదలైంది, డ్రమ్ములు అందుకున్నాయి. జనం లేచి చప్పట్లు కొడుతూ పాడారు. ముందు వరుసలో ఆడవాళ్లకు ఆమె పెదవులు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు. ఒకప్పుడు తన పక్కన కూర్చుని చీరలకు రాళ్లంటించిన ఆడవాళ్లు కూడా పాడారు. ఇద్దరు మాత్రం లేవకుండా కూర్చున్నారు.

ఆ సాయంత్రం భుజంగరావు ఫోన్ చేశాడు. కొన్నాళ్లు హాలుకు రావద్దమ్మా, వేడి చల్లారనీ అన్నాడు. ఆ పిల్ల విశ్వాసం లేక చనిపోయిందని మీరూ నమ్ముతున్నారా అయ్యగారూ అని ఆమె అడిగింది. నేనేం చేయగలను, వాడు నా కొడుకు అని ఫోన్ పెట్టేశాడు.

వేడి చల్లారలేదు. ఆమె దేవుణ్ని తిట్టడం నేర్పే మనిషి అని, పట్టాతోపాటు సందేహం తెచ్చుకుందని ప్రచారమైంది. కామ్‌రేజ్ కూటాలకు జనం పెరిగారే తప్ప తగ్గలేదు. శ్రీవల్లి ఇంటి పక్క సందు నుంచే ఆటోలు నిండుగా వెళ్లేవి.

ఆ రోజుల్లో రామమోహన్ నుంచి పిలుపు వచ్చింది. ఉద్యోగం గురించేమో అనుకుంది. ఆ ఉద్యోగంలోకి అప్పటికే వేరేవాళ్లు వచ్చారు. ఆయన పిలిచింది సదస్సుకు. మీకు జరిగింది చాలా విలువైన అనుభవం, క్షేత్రస్థాయి ఉదాహరణగా ఒక పత్రం చదవండి అన్నారు. ఆమె వెళ్లింది. ఎక్కడో ఒకచోట ఆ మాట పూర్తిగా చెప్పనిస్తారు కదా అనుకుంది. శ్రీవల్లి పేరు చెప్పకుండా, ఒక యువతి అని చదివింది. గదిలో అందరూ శ్రద్ధగా విన్నారు, చప్పట్లు కొట్టారు. ఒకాయన ఈ యువతి మాటల్ని మీరు రికార్డు చేశారా, మీ పద్ధతి ఏమిటి అని అడిగారు. ఇంకొకాయన ఇలాంటి ఉదాహరణలు ఇంకా ఉంటే పుస్తకమవుతుంది అన్నారు. తర్వాత టీ, సమోసాలు. ఆమె కప్పు అక్కడే పెట్టి బయటికి వచ్చి, నేరుగా స్టేషన్‌కు వెళ్లిపోయింది. మళ్లీ ఏ సదస్సుకూ వెళ్లలేదు.

ఇప్పుడు ఆమె ఒక్కతే తిరుగుతుంది. స్కూలు అయ్యాక సందుల్లోకి వెళ్తుంది. జబ్బు మనిషి ఉన్న ఇల్లు తెలిస్తే ముందు మందుల గురించి అడుగుతుంది. ఆసుపత్రిలో వరుసలో నిలబడటానికి తోడు వెళ్తుంది, గుజరాతీలో డాక్టరు చెప్పింది తెలుగులో చెబుతుంది. ప్రార్థన చేయమంటే చేస్తుంది. కొన్ని ఇళ్లలో మతం మార్చడానికి వచ్చిందని తలుపు వేస్తారు. కొన్ని ఇళ్లలో విశ్వాసం లేని మనిషని వేస్తారు. హాల్లో ఆ రోజు లేవకుండా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఆమె ఇంటికి వస్తారు. ముగ్గురూ కూర్చుని ఆ ఫిర్యాదు ప్రార్థనలు చదువుకుంటారు. అంతకుమించి సంఘం లేదు.

కిందటేడు భుజంగరావుకు కాలేయంలో క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లు చేయగలిగింది లేదన్నారు. కుమారి ఫోన్ చేసి, నిన్నే అడుగుతున్నాడు, ఫణి ఆఫీసులో ఉంటాడు, మధ్యాహ్నం రా అంది. చాముండేశ్వరి సెలవు పెట్టి అడాజన్ వెళ్లింది. మంచం మీద మనిషి సగమయ్యాడు. ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నేను బాగవుతానని నీ నోటితో చెప్పు. మావాడు రోజూ చెప్తాడు. వాడి మాట మనసుకి ఆనట్లేదమ్మా. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెబితే నమ్ముతాను."

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. ఈయన తనను కూతురిలా చూసిన మనిషి. ఊరూరా తిరిగి చదువుకు పంపిన మనిషి. కొడుకు ముందు నోరు విప్పని మనిషి. ఒక్క మాట అంటే చాలు, ఆ కళ్లు తేరుకుంటాయి.

"బాగయితరని నేను చెప్పలేను అయ్యగారూ. కానీ లేచిపోను. మీరు ఎంతసేపు కూర్చోమంటే అంతసేపు ఇక్కడనే కూర్చుంట."

ఆయన చేయి వదిలేశాడు. "దీనికా నిన్ను చదివించింది" అని గోడ వైపు తిరిగాడు.

ఆమె కళ్లు మూసుకుని ప్రార్థించింది. ఈ మనిషి నీ కోసం ఎండలో సందులన్నీ తిరిగాడు, ఇప్పుడు నువ్వెక్కడున్నావు, ఈ నొప్పి ఎందుకు పెట్టావు, మాకు చెప్పు అని దేవుణ్ని అడిగింది. తనకు తెలిసిన ప్రార్థనల్లో అంతకన్నా నిజమైనది లేదు. మధ్యలో భుజంగరావు, చాలు అన్నాడు. ఆపేసింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఆయన ఇటు తిరగలేదు.

కొద్ది రోజులకే పోయాడు. సమాధి దగ్గర ఫణికుమార్ ప్రసంగించాడు. నాన్నగారి చివరి రోజుల్లో ఒక అవిశ్వాసపు మాట ఆ గదిలోకి వచ్చింది, ఆ మాటే ఆయన్ను కుంగదీసింది అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, చాలా తలలు వెనక్కి తిరిగాయి. చాముండేశ్వరి కదలకుండా నిలబడింది. అందరూ వెళ్లిపోయాక ఒక పిడికెడు మన్ను వేసి వచ్చింది.

కుమారిని చూడాలని తర్వాత ఆ ఫ్లాట్‌కు వెళ్లింది. కుమారి తలుపు సగమే తెరిచింది. లోపలికి రమ్మనలేదు. కోపంగా లేదు, బాగా అలసిపోయి ఉంది.

"ఒక్క మాట అనుంటే ఏం పోయేదే నీకు? అబద్ధమైతే దాని పాపం నేను మోసేదాన్ని కాదా? ఆయన నవ్వుతూ పోయేవాడు."

చాముండేశ్వరి దగ్గర దీనికి జవాబు ఉంది. శ్రీవల్లి ఉంది ఆ జవాబులో, ఏళ్ల తరబడి చదివిన చదువంతా ఉంది. కానీ ఆ గడప ముందు నిలబడి ఆ ముసలామెతో చెప్పగలిగేది అందులో ఒక్క ముక్క కూడా లేదు.

"తెలియదమ్మగారూ" అంది.

కుమారి తలుపు వేసుకుంది. చాముండేశ్వరి మెట్లు దిగి బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్లింది.